సందులో సత్యరాజు కుక్క

సత్యరాజు పది రోజులన్నాడు. రెండు చేతుల వేళ్ళూ విప్పి చూపించి మరీ అన్నాడు. ఆ చేతుల్లోంచే కుక్క గొలుసు రాజనర్సయ్య చేతిలోకి వచ్చింది. వచ్చి ఏడు నెలలు అక్కడే ఉంది. పక్కింటివాళ్ళ మీద కోపం లేనివాళ్ళు ఆ గల్లీలో ఎవరూ లేరు గాని, రాజనర్సయ్య కోపం వేరు. దానికి కొలతలున్నాయి. కాగితముంది. ఆ కాగితం టైపు చేసిందీ ఆయనే, కింద సంతకం పెట్టిందీ ఆయనే. కడుపుమంటంతా అక్కడే.

బల్కంపేట నుంచి అమీర్‌పేట మెయిన్ రోడ్డుకు పోయే అడ్డదారుల్లో ఒక గల్లీలో ఈ ఇద్దరి ఇళ్ళూ పక్కపక్కన ఉంటాయి. మధ్యలో ఒక సందు. మూడడుగుల వెడల్పు. ఒక మనిషి భుజాలు రాసుకోకుండా నడవొచ్చు. ఇద్దరు ఎదురైతే ఒకరు వెనక్కి నడవాలి. రాజనర్సయ్య తండ్రి ఉన్న రోజుల్లో అందులో రెండు బర్లను ఒకదాని వెనక ఒకటి కట్టేవాళ్ళు. లోపలికి తోలిన బర్రె వెనక్కి నడుచుకుంటూనే బయటికి రావాలి. ఆ బర్ల పాలు ఇంటింటికీ పోయడానికే రాజనర్సయ్య ఏడో తరగతిలో బడి మానేశాడు. కాబట్టి ఆ సందుకు తన చదువు ధర కట్టేశానని ఆయన లెక్క.

సత్యరాజు గోదావరి వైపు మనిషి. ఏసీలు రిపేరు చేస్తాడు. పదిహేనేళ్ళ కింద పక్కిల్లు కొన్నాడు. ఆయన భార్య జీవమణి పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో నర్సు. ఆదివారం తెల్ల బట్టలేసుకుని చర్చికి పోయి వచ్చే కుటుంబం, గొంతెత్తి మాట్లాడరు. “అన్నగారూ” అని పిలుస్తాడు సత్యరాజు. ఆ మర్యాదే రాజనర్సయ్యకు మొదటి నుంచీ గిట్టదు. తిట్టేవాడినైతే తిట్టొచ్చు, అన్నగారూ అనేవాణ్ణి ఏమంటారు?

ఇద్దరి ఇంటి కాగితాల్లోనూ హద్దు దగ్గర ‘సందు’ అని ఉంది. ఎవరి సందో ఎవరి కాగితంలోనూ లేదు. ఇన్నేళ్ళూ దానితో ఎవరికీ పని పడలేదు. ఇప్పుడు రాజనర్సయ్యకు పడింది. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల పక్కన ఆయనకు జిరాక్సు, స్పైరల్ బైండింగు షాపు ఉంది. ఒకప్పుడు పిల్లలు నోట్సుల కోసం వరుస కట్టి నిలబడేవాళ్ళు. ఇప్పుడు నోట్సులన్నీ ఫోన్లలోకి పోయాయి. మిషన్ ముందు ఆయన ఒక్కడే ఈగలు తోలుకుంటూ కూర్చుంటాడు. ఇంటి మీద ఒక గది ఖాళీగా ఉంది. కోచింగుకు వచ్చిన పిల్లలకు కిరాయికిస్తే ఇల్లు గడుస్తుంది. కాని ఆ గదికి మెట్లు వంటింట్లోంచి ఉన్నాయి. చూడ్డానికి వచ్చిన ప్రతివాడూ పొయ్యి దగ్గర ఆయన భార్య చంద్రమ్మను చూసి, “ఇట్లనే పోవాల్నా ఆంటీ?” అని నవ్వి వెళ్ళిపోయేవాడు. సందులోంచి ఇనుప మెట్లు వేస్తే ఆ కష్టం తీరిపోతుంది. మెట్లు పడితే కిరాయి, కిరాయి పడితే షాపు మూసేసి ప్రశాంతంగా కూర్చోవచ్చు. ఆయన కోరిక మొత్తం అంతే.

సత్యరాజు అడ్డం పడ్డాడు. “నాకూ ఆ సందులోనే ఏసీ సామాను పెట్టుకోవాలని ఉంది అన్నగారూ, ఎవరిదో తేల్చుకున్నాకే ఎవరైనా వేసుకుందాం” అన్నాడు. ఇద్దరూ కలిసి రాఘవయ్య దగ్గరికి పోయారు. రాఘవయ్య ఎర్రమంజిల్‌లో సర్కారు ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేసి రిటైరయిన మనిషి. గల్లీలో పంచాయితీ ఏదైనా ఆయన అరుగు మీదికే పోతుంది. “సర్వేయర్‌ను పిలుద్దాం. ఏది తేలినా నా మాటకు కట్టుబడి ఉంటమని కాగితం రాసియ్యున్రి” అన్నాడాయన.

కాగితం రాజనర్సయ్యే తన షాపులో కూర్చుని టైపు చేశాడు. ఎంతమందికి ఎన్ని అగ్రిమెంట్లు కొట్టిచ్చాడు, ఆయనకు ఆ భాష కొట్టిన పిండి. చివర తన సొంత బుర్రతో ఒక షరతు చేర్చాడు. తేలేదాకా సందులో ఎవరూ ఏదీ పెట్టరాదు, ఒకరిది ఏదైనా సందులో నిలబడి రెండోవారు అడ్డు చెప్పకుంటే ఆ జాగా ఆ వస్తువు ఎవరిదైతే వారిదే అని. రాత్రికి రాత్రి సత్యరాజు షెడ్డు లేపకుండా మొదటి ముక్క, ఆయన చూసీ ఊరుకుంటే తన మెట్లు నిలిచిపోయేట్టు రెండో ముక్క. ఇద్దరూ సంతకాలు పెట్టారు. సత్యరాజు రెండుసార్లు చదివి, “బాగా రాశారండీ” అని మెచ్చుకున్నాడు కూడా.

సర్వేయర్ రాకముందే తాడేపల్లిగూడెంలో జీవమణి తల్లి బాత్రూములో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. మొగుడూ పెళ్ళాలు ఉన్నపళాన బయల్దేరారు. కుక్కనేం చెయ్యాలి? జీవమణి అడిగింది, చంద్రమ్మ సరేనంది. క్రిస్మస్‌కు కేకు, దసరాకు గారెలు ఇచ్చిపుచ్చుకునే స్నేహం వాళ్ళిద్దరిదీ. రాజనర్సయ్య షాపు నుంచి వచ్చేసరికి సత్యరాజు గొలుసు పట్టుకుని గడపలో నిలబడి ఉన్నాడు.

“పది రోజులండీ అన్నగారూ. రూబీ చాలా మంచిది. దానికి ఏ బాధా లేదు.”

“దానికి లేకపోతే ఏమాయె, నాకుంటది గదా.”

“మీరు భలేవారండీ” అని నవ్వి వెళ్ళిపోయాడు సత్యరాజు.

రూబీని లాబ్రడార్ అంటారు. సగం లాబ్రడార్, సగం బల్కంపేట అని రాజనర్సయ్య అంచనా. గోధుమరంగు ఆడకుక్క. గుమ్మంలో పడుకుంటే ఇంట్లోవాళ్ళు దూకి పోవాలి. తోక ఊపితే స్టూలు మీది గ్లాసు కింద పడాలి. మొదటి రోజు అన్నంలో పాలు పోసి పెట్టింది చంద్రమ్మ. గిన్నె ముందు బుద్ధిగా కూర్చుని, తల కాస్త వంచి, చూస్తూ ఉండిపోయింది. తినలేదు. కొత్త చోటు కదా అనుకున్నారు. రెండో రోజు కోడి కాళ్ళు ఉడకేసి పెట్టారు. అదే కూర్చోవడం, అదే తల వంచడం. మూతి నుంచి చొంగ తీగలా నేలకు దిగుతోంది గాని ముట్టదు.

“ఇది మనింట్ల సస్తే వాళ్ళకేం జవాబు చెప్తవే?” అని పెళ్ళాం మీద ఎగిరాడు రాజనర్సయ్య.

“నా మీద ఒర్రకు. నువ్వు కండ్లెర్రజేసి చూస్తున్నవు, గందుకే తింటలేదది.”

“నేను చూస్తే బువ్వ తినుడు బంద్ చేస్తరా? నువ్వు ముప్పై ఏండ్ల సంది తింటలేవా?”

మూడో రోజు కూతురు సుష్మిత ఆటో పిలిచి, తండ్రిని, కుక్కను అందులోకి తోసి శ్రీనగర్ కాలనీలో కుక్కల డాక్టర్ దగ్గరికి పంపింది. ఆటోలో రూబీ రాజనర్సయ్య ఒళ్ళో తల పెట్టుకుని పంజాగుట్ట సిగ్నల్ దాకా ఆయన ప్యాంటు తడిపింది. డాక్టర్ కడుపు నొక్కాడు, నాలుక చూశాడు, రక్తం తీశాడు. ఏ జబ్బూ లేదన్నాడు. జబ్బు లేదని చెప్పినందుకు పైసలు తీసుకున్న మనిషిని రాజనర్సయ్య అంతవరకు చూడలేదు.

సాయంత్రం సుష్మితే జీవమణికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

“అయ్యో అయ్యో! చెప్పడం మర్చిపోయానమ్మా” అంది జీవమణి అవతల నుంచి. “ప్రార్థన చెయ్యందే తినదది. చిన్నప్పటి నుంచీ మా భోజనాల దగ్గరే దానికీ గిన్నె పెట్టేవాళ్ళం కదా. ఆమెన్ అన్నాకే మూతి పెడుతుంది.”

రాజనర్సయ్య ఫోన్ మీదికి వంగాడు. “కుక్కనా?” అన్నాడు.

“అవునండీ అన్నయ్యగారూ.”

“గిదేంది చెల్లె! మనుషులే చేస్తలేరు గదా.”

“ఏమోనండీ, అది మాత్రం చేస్తుంది.”

ఆయన ముందు దగ్గరి దారి వెతికాడు. గిన్నె ముందు నిలబడి, “ఆమెన్” అన్నాడు. రూబీ కళ్ళెత్తి చూసి మళ్ళీ తల దించుకుంది. ఇంత తొందరగా ఆమెన్ రాదని దానికి తెలుసు. “తల్లీ ఎల్లమ్మా, దీన్ని తినిపియ్యమ్మా” అని తన పద్ధతిలో మొక్కి చూశాడు. చెవి కూడా కదల్లేదు. జీవమణి చెప్పినట్టు చంద్రమ్మ ప్రార్థన మొదలుపెడితే రెండో ముక్క దగ్గరే నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరిగెత్తింది. సుష్మితకు పంజాగుట్ట మాల్‌లో బిల్లింగ్ కౌంటర్ ఉద్యోగం, పొద్దున్నే పోవాలి. మిగిలింది ఆయనే. జీవమణి ఫోన్లో చెబుతుంటే పాత జిరాక్సు కాగితం వెనక రాసుకున్నాడు. షాపులో పెద్దక్షరాల్లో టైపు కొట్టి, చొంగకు తడవకుండా లామినేషన్ చేయించుకుని తెచ్చాడు.

“మా పరలోకపు తండ్రీ, ఈ దినము నీవిచ్చిన ఆహారము కొరకు నీకు స్తోత్రములు. దీనిని మా శరీరములకు బలముగా దీవించుము. ఆకలిగొన్న వారిని జ్ఞాపకము చేసుకొనుము. యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమెన్.”

ఆమెన్ నోట్లోంచి పడీ పడకముందే గిన్నె ఖాళీ. గిన్నె కూడా మూడడుగులు జరిగింది.

ఇంట్లో చేస్తే చంద్రమ్మ నవ్వుతుంది, గల్లీలో చేస్తే లోకం నవ్వుతుంది. అందుకని పొద్దున ఒకసారి, మాపు ఒకసారి కుక్కను సందులోకి తీసుకుపోయి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చదివేవాడు. రెండు గోడల మధ్య మాట గొట్టంలో పోయినట్టు పోయి గల్లీ మొత్తం వినపడుతుందని ఆయనకు చాలా రోజుల దాకా తెలియదు.

పది రోజులు నెలయ్యాయి. ముసలమ్మకు ఆపరేషన్ కుదిరింది, తర్వాత కుట్లు చీము పట్టాయి, తర్వాత నడక నేర్పాలి. ప్రతిసారీ సత్యరాజు మెసేజ్ పెట్టేవాడు. అడుగున రెండు చేతులు జోడించిన బొమ్మ, “దేవుడు మీ కుటుంబాన్ని దీవించును గాక అన్నగారూ.” రూబీ ఈలోగా ఆయన రెండు జతల చెప్పులు తిన్నది, అందులోనూ ఎడమకాలివే. ఒక పోరగాడు బైండింగుకు ఇచ్చిన రెండు వందల పేజీల నోట్సు ఇంటికి తెచ్చుకుంటే మధ్యలోంచి నలభై పేజీలు తిన్నది. ఆ పిల్లవాడు షాపు ముందు నిలబడి, “అంకుల్, కుక్క తిన్నదంటే మా సార్ నమ్ముతడా?” అని ఏడ్చినంత పని చేశాడు. రాత్రి పడుకునేది మాత్రం ఆయన మంచం పట్టె కిందే. లేచి కాలు పెడితే మెత్తగా తగలాలి, కయ్యిమనాలి, ఆయన గుండె ఆగాలి.

బోనాల రోజు మరీ తల కొట్టేసినట్టయింది. ఎల్లమ్మ గుడి దగ్గర నుంచి డప్పులు గల్లీలోకి రాగానే రూబీ మంచం కిందికి దూరి బయటికి రానంది. చంద్రమ్మ అన్నదమ్ములు ముగ్గురు కుటుంబాలతో వచ్చి విస్తళ్ళ ముందు కూర్చున్నారు. పొద్దుటి నుంచి తిండి లేక కుక్క మంచం కింద నుంచి ఏడుపు ఎత్తుకుంది. ఆ ఏడుపు డప్పులను మించింది. “జర దాని సంగతి చూడయ్యా, చుట్టాలు తింటుండ్రు” అంది చంద్రమ్మ. నుదుట పసుపు, చేతికి వేపాకు కట్టుకుని, రాజనర్సయ్య మంచం ముందు గొంతుక్కూర్చుని, లామినేషన్ కాగితం చూడకుండానే, అప్పటికే నోటికొచ్చేసింది కనుక, మొత్తం ప్రార్థన చదివాడు.

పెద్ద బామ్మర్ది నోట్లో ముద్ద అట్లాగే ఉంది.

“బావా, ఎప్పుడు మారినవ్? మాకు చెప్పకపోతివి.”

“నేను మారలే. కుక్కది.”

“కుక్క మారిందా?”

“అది మొదటి సంది అంతే. నువ్వు తిను ఫస్టు.”

ఆ తర్వాత ఆ బామ్మర్ది ఎప్పుడు ఫోన్ చేసినా “ప్రైజ్ ద లార్డ్ బావా” అనే మొదలుపెట్టేవాడు.

ఆ కోపమే ప్రార్థనలోకి దిగింది. మొదట ఒక్క ముక్క కలిపాడు. “ఈ కుక్కను నా నెత్తిన రుద్దిపోయిన సత్యరాజును సుత జ్ఞాపకము చేసుకొనుము.” రూబీ అభ్యంతరం చెప్పలేదు. మెల్లగా అది పెరిగింది. చెప్పుల సంగతి, నోట్సు సంగతి, తాడేపల్లిగూడెం ముసలమ్మ తుంటి సంగతి, పది రోజులని చూపించిన పది వేళ్ళ సంగతి అన్నీ వరుసగా చేరాయి. దేవుడు ఎవరి దేవుడైతేనేం, వినేవాడు ఒకడు దొరికాడు. కుక్క తల వంచుకుని అంతా విని, ఆమెన్ కోసం ఓపిగ్గా కూర్చునేది. ఇంట్లో ఆయన గోడును చివరి దాకా వినేది అదొక్కటే.

శ్రావణంలో వానలు పట్టుకున్నాయి. తడిసిన రూబీ ఇల్లంతా దులుపుకునేది. దేవుడి పటాల మీద బురద చుక్కలు పడ్డ రోజు చంద్రమ్మ కూడా ఓపిక పోగొట్టుకుంది. “దానికి బయట ఏదన్న గూడు పెట్టియ్యి, లేకపోతే నేను పోత” అంది. ఇంటి ముందు బండ్లకే చోటు లేదు. ఉన్నదల్లా సందే. రాజనర్సయ్య సత్యరాజుకు ఫోన్ చేసి అరిచాడు. సత్యరాజు అన్నగారూ అన్నగారూ అంటూనే గూటి పైసలు ఫోన్లో పంపాడు. ఎర్రమంజిల్ దగ్గర వెల్డింగు షాపులో ఇనుప గూడు చేయించాడు రాజనర్సయ్య. పైన రేకు, కింద చెక్క.

వెల్డింగు షాపువాడు బిల్లు పుస్తకం తీశాడు. “ఎవరి పేరు మీద రాయాలన్నా?”

“నా పేరు రాసినవంటే ఊకోను. కుక్క ఆయనది, గూడు ఆయనది. సత్యరాజు అని రాయి, ఇంటి నంబరు సుత ఆయనదే రాయి.” రేపు గూడు బాగాలేదనో, పైసలు మిగిలాయనో మాట వస్తే తన మీదికి రాకూడదని ఆయన జాగ్రత్త. షరతు కాగితం ఆ నిమిషంలో ఆయనకు గుర్తే లేదు. అది సత్యరాజు కోసం పన్నింది. సత్యరాజు ఊళ్ళోనే లేడు.

గూడు సందులో పడింది. పగలు అందులో ఉన్నా రాత్రికి రూబీ మళ్ళీ ఆయన మంచం కిందికే చేరేది. గూడు పడిన వారానికే ఎదురింటి వనిత గొడవకొచ్చింది. వనిత ఇంట్లోనే కుట్టు మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది.

“ఏందన్నా గిది? గిరాకీలు వస్తే మీద మీదికి మొరుగుతుంది. సందులకెళ్ళి కంపు.”

“నన్నెందుకు అడుగుతవమ్మా? పోయి సత్యరాజునడుగు. నాదా కుక్క?”

“ఆయన లేడు గదా. నువ్వే గదా తిండి పెడుతున్నవు, ప్రార్థన సుత చేస్తున్నవు.”

“సందుల ఉన్నది ఏదీ నాది కాదు. కుక్క కాదు, గూడు కాదు, ప్రార్థన కాదు. ఎన్నిసార్లు చెప్పాలె?”

వనిత మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ అదే జవాబు. ఆమె వెనక ఇంకొకరు, ఇంకొకరు. చెప్పి చెప్పి నోరు నొచ్చి, చివరికి తన విద్యనే వాడాడు. ఒక పెద్ద కాగితం మీద ఎర్ర అక్షరాలతో కొట్టి, మందం లామినేషన్ వేసి, సందు మొదట్లో నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టి బిగించాడు.

“ఈ సందులో కుక్క, గూడు, మొరుగుడు, కంపు అన్నీ సత్యరాజువి. ఏమన్నా ఉంటే ఆయననే అడగవలెను. మాకు ఎలాంటి సంబంధం లేదు. ఇట్లు, రాజనర్సయ్య.”

కింద ఫోన్ నంబరు సత్యరాజుది. ఆ రోజు ఆయన హాయిగా నిద్రపోయాడు. వానకు రంగు పోలేదు, ఎండకు చెదరలేదు. ఆయన లామినేషన్ అంత గట్టిది.

డిసెంబరు మొదటి వారంలో సత్యరాజు వాళ్ళు తిరిగొచ్చారు, గుమ్మానికి నక్షత్రం కట్టుకోవడానికి సరిగ్గా సమయానికి. ముసలమ్మ కూడా వెంట వచ్చింది, చేతికర్రతో చలాకీగానే ఉంది. జీవమణి పూతరేకులు ఇచ్చింది. సత్యరాజు రాజనర్సయ్య రెండు చేతులూ పట్టుకుని, “మీ రుణం తీర్చుకోలేమండీ” అన్నాడు. ఆ తర్వాత సందు మొదట్లో నిలబడి ఆ ఎర్ర అక్షరాలు రెండుసార్లు చదివాడు. ఫోన్ తీసి ఒక ఫోటో తీసుకున్నాడు.

ఆదివారం రాఘవయ్య అరుగు నిండింది. సర్వేయర్ వచ్చి టేపు పట్టాడు. సందు వెడల్పు మూడడుగులు, పొడవు ముప్పై నాలుగున్నర. ఇద్దరి ఇళ్ళూ కాగితాల ప్రకారం సరిపోయాయి, సందు ఇటూ కాలేదు, అటూ కాలేదు. ఎవరి లెక్కలోకీ రాని ముక్క అని చెప్పి ఆయన చాయ్ తాగి వెళ్ళిపోయాడు. రాఘవయ్య కళ్ళజోడు పెట్టుకుని షరతు కాగితం తీశాడు. గొంతు సవరించుకుని అందరికీ వినపడేట్టు చదివాడు. చివరి షరతు దగ్గర ఆగాడు.

“ఇది ఎవరు రాసిండ్రు?”

“నేనే రాసిన” అన్నాడు రాజనర్సయ్య, కాస్త గర్వంగానే.

“మంచిగ రాసినవ్. మరి సందుల ఒక గూడు కనపడుతుంది. అది ఎవరిది?”

“సత్యరాజుది! నాకేం సంబంధం!”

గూడు పడ్డప్పటి నుంచీ అడిగినవాళ్ళందరికీ ఇచ్చిన జవాబు. నోరు దానంతటదే అనేసింది. చంద్రమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది. రాజనర్సయ్య చెవుల్లో ఆ మాట ఇంకా మోగుతోంది. అప్పుడు గుర్తొచ్చింది షరతు.

“అట్ల కాదు, అట్ల కాదు. చేయించింది నేనే. నేనే పోయి నిలబడి చేయించిన.”

“పైసలెవరియి?” అన్నాడు రాఘవయ్య.

“పైసలు ఆయన పంపిండు. కని పంపమని ఒర్రింది నేనే గదా!”

“బిల్లు?”

సత్యరాజు జేబులోంచి బిల్లు తీసి రెండు చేతులతో అందించాడు. “అన్నగారే ఫోన్లో ఫోటో పంపారండీ, నేను ప్రింటు తీయించుకున్నాను. పేరు నాదే వేయించారు, ఇంటి నంబరు కూడా నాదే. నేను అడగలేదండీ. ఆయన మంచితనం.”

“మంచితనం కాదు!” అని అరిచాడు రాజనర్సయ్య. “మంచితనమని ఎవడన్నడు? నీ మీద కోపంతోని రాయించిన!”

అరుగు మీద ఎవరో కిసుక్కుమన్నారు.

“అడ్డు చెప్పినవా మరి, గూడు పెట్టొద్దని?” అన్నాడు రాఘవయ్య.

“నేను తెచ్చి నేనే పెట్టిన గూటికి నేనే ఎట్ల అడ్డు చెప్తనన్నా?”

“గిప్పుడే గదా గూడు సత్యరాజుదన్నవు.”

వనితను పిలిచారు. ఆమె ఇబ్బందిగా నిలబడింది. “అబద్ధం చెప్పను పెద్దనాయినా. మూడుసార్లు అడిగిన. సందుల ఉన్నది ఏదీ నాది కాదన్నడు. కాగితం సుత పెట్టిండు, నేను రోజు మిషన్ కాడ కూసుంటే నాకు ఎదురుంగనే ఉంటది. నాకు నోటికొచ్చింది.” అని మొత్తం అప్పజెప్పింది, ఇట్లు రాజనర్సయ్యతో సహా. “ఇంకోటి, పొద్దున మాపు అండ్లకెళ్ళి ప్రార్థన వినపడుతది. కొత్తగ వచ్చినోళ్ళు అది సత్యరాజన్న జాగనే అనుకుంటరు.”

“ఆ ప్రార్థన చేసింది నేను!”

“అదే చెప్తున్న గదన్నా.”

రాజనర్సయ్య తండ్రి బర్ల సంగతి ఎత్తాడు. పాల క్యాన్ల సంగతి, ఏడో తరగతి సంగతి ఎత్తాడు. రాఘవయ్య అంతా విన్నాడు, ఎదుటివాడి కష్టం వినడంలో ఆయన లోటు చెయ్యడు. విని కాగితం మడతపెట్టాడు.

“నర్సయ్యా, బర్లు కట్టిన మాట నిజమే, నేను సుత చూసిన. కని కాగితం బర్ల గురించి లేదు. నువ్వు రాసిన షరతు, నువ్వు పెట్టిన బోర్డు. సంబంధం లేదని నువ్వే మేకు కొట్టినవు. నేనేం చెయ్యాలె?”

సత్యరాజు, “బాధపడకండి అన్నగారూ” అన్నాడు. ఆ ఒక్క మాటతో రాజనర్సయ్య లేచి వచ్చేశాడు.

వారంలో సందుకు ఇనుప గేటు పడింది. లోపల గోడ వారగా ఏసీ డబ్బాలు, బయట తాళం. మెట్ల కోసం మాట్లాడి పెట్టుకున్న మేస్త్రీకి రాజనర్సయ్య ఫోన్ చేసి వద్దని చెప్పాడు. పై గదిలో చంద్రమ్మ ఉల్లిగడ్డలు ఆరబోసుకుంది. గేటు పడ్డాక రూబీ తన ఇంటికి పోయింది. మంచం పట్టె కింద కాలు పెడితే ఇప్పుడు చల్లటి బండ తగులుతోంది. ఒకటి రెండుసార్లు, లేదని తెలిసీ, మెల్లగా వెతికి పెట్టాడు కాలు. అందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

మూడో రోజు మాపు, ఆయన అన్నం ముందు కూర్చోబోతుంటే గడపలో సత్యరాజు నిలబడి ఉన్నాడు. జీవమణి కూడా వెనకే ఉంది. ముఖాలు వాడిపోయి ఉన్నాయి.

“ఏంటో అర్థం కావట్లేదండీ. రూబీ మూడు రోజుల నుంచీ తినట్లేదు. నేను ప్రార్థన చేశాను, ఆవిడ చేసింది, మా అత్తగారు చేశారు. పాస్టరు గారితో ఫోన్లో కూడా చేయించాం. ఆమెన్ అంటాం, అది మీ గోడ వైపు చూస్తుంది. మీరు చేస్తే ఏమైనా…”

“జాగ తీసుకున్నవు, కుక్కను తీసుకున్నవు. ప్రార్థన సుత నేనే చెయ్యాల్నా?”

“అన్నగారూ.”

“అనకు ఆ మాట. పోను నేను.”

చంద్రమ్మ కంచం ఆయన ముందు నుంచి తీసేసింది. “దాని మీద ఎందుకయ్యా నీ పౌరుషం? నోరు లేని జీవి. పోయి రా, వచ్చినాక తిందువు.”

పోయాడు. తన తండ్రి బర్లను తోలిన సందు ముందు, సత్యరాజు తాళం తీసేదాకా నిలబడ్డాడు. సందులో బల్బు వెలుగుతోంది. గూటి ముందు గిన్నె, గిన్నె నిండా కూర కలిపిన అన్నం. రూబీ ఆయన అడుగు చప్పుడుకే లేచింది, తోకతో ఏసీ డబ్బాను డబడబా కొట్టింది, వచ్చి ఆయన మోకాళ్ళకు తల ఆనించి నిలబడింది. పక్కటెముకలు చేతికి తగిలాయి. ఆయన చెయ్యి దాని నెత్తి మీద కాసేపు ఉండిపోయింది. అప్పుడది గిన్నె ముందుకు పోయి బుద్ధిగా కూర్చుని తల వంచింది. వెనక మొగుడూ పెళ్ళాలు కూడా కళ్ళు మూసుకుని తలలు వంచారు.

“మా పరలోకపు తండ్రీ” అని మొదలుపెట్టాడు రాజనర్సయ్య. రెండు గోడలూ ఆయన గొంతును గల్లీలోకి మోసుకుపోతున్నాయి. ఈసారి తగ్గించలేదు. “ఈ దినము నీవిచ్చిన ఆహారము కొరకు నీకు స్తోత్రములు. పది రోజులని చెప్పి ఏడు నెలలు చేసిన సత్యరాజును జ్ఞాపకము చేసుకొనుము. నా రెండు ఎడమ చెప్పులను జ్ఞాపకము చేసుకొనుము.”

సత్యరాజు ఒక కన్ను తెరిచి చూశాడు. జీవమణి మోచేత్తో పొడిస్తే మళ్ళీ మూసుకున్నాడు. రూబీ చెవులు నిక్కబొడుచుకుని వింటోంది. ఇదే దానికి కావలసింది. ఇన్ని రోజులూ ఈ ఇంట్లో ఎవరూ దానికి ఇది వినిపించలేదు.

“నా తండ్రి బర్లు కట్టిన జాగ తండ్రీ. దీని కోసం నేను బడి మానేసిన. నా చేతులతోని నేనే టైపు కొట్టి, నేనే లామినేషన్ జేసి, నేనే మేకు కొట్టి ఇచ్చేసిన. వెడల్పు మూడడుగులు, పొడుగు ముప్పై నాలుగున్నర అడుగులు.” కుక్క చొంగ తీగలా సాగి నేలను తాకింది. ఇంకా ఆమెన్ రాలేదని దానికి తెలుసు. రాజనర్సయ్య లెక్క పూర్తి చేశాడు. “మొత్తం పదకొండున్నర గజాలు తండ్రీ, ఆమెన్.”